మడత ఉక్కు, మూస ఉక్కు

డమాస్కస్ కత్తుల గురించి మన భాషలో వచ్చిన వ్యాసాలు చాలావరకు ఒకే దారిన నడుస్తాయి. కోనసముద్రం ఉక్కు, పారశీక వర్తకులు, గాలిలో ఎగిరే పట్టుగుడ్డను రెండు ముక్కలు చేసిన ఖడ్గం, చివర కాస్త గర్వం, కాస్త నిట్టూర్పు. గర్వపడటంలో తప్పు లేదు. కానీ ఈనాడు అంగళ్ళలో "డమాస్కస్" పేరిట అమ్మే చారల కత్తికీ, ఒకప్పుడు మన కోనసముద్రంలో మూసలో కాచిన ఉక్కుకూ పేరు తప్ప వేరే చుట్టరికం లేదు. ఒకటి పొరలు పేర్చి అతికి మడిచినది. మరొకటి కరిగించి పోతపోసినట్టు గడ్డకట్టించినది. ఈ తేడాను విడమరచి చెప్పినవారిలో చరిత్రకారులకన్నా, కొలిమి ముందు నిలబడి ఇనుమును ఇనుముతో అతికి చూసిన ప్రయోగశీలురే ఎక్కువ. ఆ ప్రయోగాల చరిత్రను నాకు అర్థమైనంత మేరకు ఇక్కడ వివరించే ప్రయత్నం చేస్తాను.

ముందుగా మాటల సంగతి. ఇంగ్లీషువారు ఫోర్జ్ వెల్డింగ్ అనేదాన్ని మన కమ్మరులు కేవలం "అతకటం" అంటారు. ఈ వ్యాసంలో దాన్ని "కొలిమి అతుకు" అంటాను. రెండు ఇనుప ముక్కలను కరిగించకుండా, మధ్యన మరో లోహం పోయకుండా, కేవలం వేడితోనూ దెబ్బతోనూ ఏకం చేయటం ఇది. అలా అతికిన దిమ్మెను సాగగొట్టి, మధ్యకు గాటుపెట్టి, మడిచి, మళ్ళీ అతికితే అది "మడత ఉక్కు". మట్టి మూసలో మూతవేసి కరిగించి తీసినది "మూస ఉక్కు". వూట్జ్ అని పాశ్చాత్యులు పిలిచింది ఈ రెండవదానినే. ఆ పేరు మన "ఉక్కు" అన్న మాటకు వచ్చిన వికృతరూపమని పండితులలో ఎక్కువమంది అంగీకరిస్తారు. 1795లో జార్జ్ పియర్సన్ లండను రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంతో అది శాస్త్రజ్ఞుల నోటికెక్కింది.

రెండు ఇనుప ముక్కలు ఒకదానికొకటి ఎందుకు అతుక్కుంటాయి? నిజానికి అడగవలసిన ప్రశ్న మామూలప్పుడు ఎందుకు అతుక్కోవు అని. శుభ్రమైన లోహం శుభ్రమైన లోహాన్ని తాకితే ఇరుపక్కల అణువులకూ తమది ఏ ముక్కో తెలియదు. అడ్డు వచ్చేది పైన పేరుకొన్న ఆక్సైడు పొర. కొలిమిలో ఇనుము ఎర్రబడగానే గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ఆ పొర దట్టమవుతుంది. దాన్ని కరిగించి తోసివేయాలి. ఇందుకు నేటివారు వెలిగారం చల్లుతారు. అది సుమారు 740 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరిగి, గాజులా పరచుకొని, ఆక్సైడును తనలో కలుపుకొంటుంది. వెలిగారం అందని చోట ఇసుక చల్లారు. జపానులో బంకమట్టి నీళ్ళూ గడ్డి బూడిదా వాడారు. ఇసుకలోని సిలికా ఇనుప ఆక్సైడుతో కలిసి సుమారు 1,200 డిగ్రీలకే ద్రవమై, తొలి దెబ్బకు చిమ్ముకొని బయటకు పోతుంది. ఆ క్షణంలో ఎదురెదురుగా మిగిలేవి రెండు శుద్ధ లోహతలాలు.

ఈ పని చేస్తుండగా ఒకసారి దగ్గరుండి చూశాను. నిజామాబాదు వైపు ఒక పల్లెలో, కులవృత్తిని ఇంకా వదలని ఒక పెద్దాయన కొలిమిలో. లారీ కమాను పట్టీ ముక్కలు రెండు, వాటి నడుమ పళ్ళు సానబట్టి తీసేసిన పాత ఆకురాయి ఒకటి. మూడింటినీ ఇనుప తీగతో కట్టి తుమ్మబొగ్గుల మధ్య పెట్టాడు. ఎర్రబడగానే బయటకు తీసి వెలిగారం చల్లి మళ్ళీ లోపలికి తోశాడు. ఉష్ణమాపకం ఏదీ లేదు. నిప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. కరిగిన వెలిగారం దిమ్మె మీద వెన్నలా కదలాడుతున్న సమయాన పట్టకారుతో అందుకొని, దాగలి మీద పెట్టి, మొదటి దెబ్బ చాలా మెల్లగా వేశాడు. సందులనుంచి నిప్పునీరు చిమ్మింది. "తెల్లగ మెరిసేదాంక ఆగితె ఆకురాయి కాలిపోతది సారూ, ఎర్రగున్నప్పుడె తీస్తె అతకది. నడుమల పట్టాలె" అన్నాడు. లోహశాస్త్ర గ్రంథాలలో నాలుగు పుటలు ఆక్రమించే విషయం ఆ రెండు ముక్కలలో ఉంది. కర్బనం ఎక్కువైన కొద్దీ ఉక్కు తక్కువ వేడికే మాడిపోతుంది. ఆకురాయికీ కమాను పట్టీకీ ఏకకాలంలో సరిపోయే వేడి ఒక సన్నని పట్టీలో మాత్రమే దొరుకుతుంది. ఇంకొక సంగతి కూడా గమనించాను. అతుకు కుదిరిందీ లేనిదీ ఆయన కంటితో కంటే చెవితో ఎక్కువగా పసిగట్టాడు. విడివిడిగా ఉన్న ముక్కల మీద సుత్తి పడితే బోలుగా మోగుతుంది. ఏకమైనాక నిండుగా పలుకుతుంది.

మూడు పొరల దిమ్మెను ఆయన నాలుగుసార్లు మడిచాడు. మూడు ఆరు, ఆరు పన్నెండు, పన్నెండు ఇరవైనాలుగు, ఇరవైనాలుగు నలభైఎనిమిది. మడత ఉక్కు మీద ప్రచారంలో ఉన్న అతిశయోక్తులన్నీ ఈ రెట్టింపు లెక్కలోనే పుట్టాయి. ఒకే పొరతో మొదలుపెట్టి పదిసార్లు మడిస్తే 1,024. పదిహేనుసార్లకు 32,768. "లక్షల పొరల ఖడ్గం" అని చెబితే వినేవారికి ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అయితే ఏడు మిల్లీమీటర్ల మందం గల దిమ్మెను పన్నెండుసార్లు మడిచామనుకొందాం. పొరలు 4,096. ఒక్కొక్క పొర మందం రెండు మైక్రానులకన్నా తక్కువ. అతుకు వేడిలో, అంటే 1,100 డిగ్రీల పైన, కర్బనం ఒక్క నిమిషంలో ఇనుములో కొన్ని పదుల మైక్రానుల దూరం పాకగలదు. కాబట్టి గట్టి పొర, మెత్తని పొర అన్న భేదం అప్పటికి మిగలదు. కర్బనం అంతటా సమానంగా సర్దుకొంటుంది. మిగిలేది అతుకుల జాడ మాత్రమే. నికెల్ సంగతి వేరు. అదే సమయంలో అది ఒక మైక్రాను కూడా జరగదు. అందుకే నేటి మడత కత్తులవారు ఒక పొరకు రెండు శాతం నికెల్ గల రంపపు ఉక్కునూ, మరో పొరకు మామూలు కర్బనపు ఉక్కునూ ఎంచుకొంటారు. ఎలక్ట్రానిక్సువారు రాగిపలకలను చెక్కటానికి వాడే ఫెర్రిక్ క్లోరైడులో ముంచితే నికెల్ పొర తెల్లగా నిలిచి, రెండవది నల్లబడి, చారలు తేలతాయి. నేను చూసిన దిమ్మెలో నికెల్ లేదు. గీతలు లీలగా మాత్రమే కనిపించాయి.

మడిస్తే కర్బనం సమానమైపోతుంది, ప్రతి వేడికీ కొంత ఇనుము ఆక్సైడై రాలిపోతుంది, కొంత కర్బనం మండిపోతుంది. మరి పూర్వులు ఇంత కష్టపడి ఎందుకు మడిచారు? సమాధానం ఆ నష్టంలోనే ఉంది. కర్బనం సమానం కావటమే వారికి కావలసింది.

స్వచ్ఛమైన ఇనుము 1,538 డిగ్రీలకు గాని కరగదు. పాతకాలపు తిత్తుల కొలిమి అంత వేడి ఇవ్వలేదు. అందులో రాయి ఇనుముగా మారేదే గాని ఇనుము కరిగేది కాదు. చేతికి వచ్చేది స్పంజిలాంటి ముద్ద. ఒకచోట మెత్తని ఇనుము, ఒకచోట గట్టి ఉక్కు, సందులనిండా చిట్టెం. అటువంటి ముద్దనుంచి కత్తి చేస్తే ఒక అంగుళం దగ్గర వంగుతుంది, మరో అంగుళం దగ్గర విరుగుతుంది. పిండి పిసికినట్టు ఆ ముద్దను మడిచి, కొట్టి, మళ్ళీ మడిస్తే చిట్టెం పిండుకుపోయి, మిగిలినది సన్నని తునకలై చెదిరిపోయి, కర్బనం సర్దుకొంటుంది. మడత అనేది ఆదిలో అలంకారం కాదు, దోషపరిహారం.

జపానువారి ఖడ్గం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇనుప ఇసుకనూ కట్టెబొగ్గునూ తతారా అనే మట్టిబట్టీలో మూడు పగళ్ళూ మూడు రాత్రులూ కాల్చి రెండు టన్నులకు పైబడిన ముద్దను తీస్తారు. దాన్ని పగులగొట్టి, పగులు మెరుపు చూసి కర్బనం అంచనా కట్టి, ఏరి, పేర్చి, అతికి, పది పదిహేను సార్ల వరకు మడుస్తారు. గట్టి ఉక్కును పైతొడుగుగా, మెత్తని ఇనుమును లోపలి గుజ్జుగా అమర్చటం తరువాతి పని. 1876లో కత్తి ధరించటాన్ని నిషేధించిన శాసనంతో ఈ వృత్తి క్షీణించింది. 1977లో షిమానే ప్రాంతంలో తతారాను మళ్ళీ వెలిగించవలసి వచ్చింది. నేటి కర్మాగారపు ఉక్కులో ఆ దోషాలు ఉండవు గనుక దాన్ని మడిచినందువల్ల బలం కొత్తగా రాదు. ఈ మాట కత్తి ప్రియులకు రుచించదు గాని కాదనలేనిది.

ఐరోపాలో మడత మరో రూపం దాల్చింది. అక్కడి కమ్మరులు భాస్వరం ఎక్కువగల ఇనుమునూ తక్కువగల ఇనుమునూ కడ్డీలుగా అతికి, తాడులా మెలిపెట్టి, అలాంటి కడ్డీలను పక్కపక్కన చేర్చి ఖడ్గపు నడుమభాగం చేసి, చుట్టూ ఉక్కు అంచు అతికేవారు. డెన్మార్కులోని నూడం బురదనేలలో దొరికిన ఖడ్గాలలోనూ, ఇంగ్లండులో 1939లో బయటపడిన సట్టన్ హూ సమాధిలోని ఖడ్గంలోనూ ఈ పనితనం కనిపిస్తుంది. ఆరవ శతాబ్ది ఆరంభంలో ఇటలీనేలిన థియొడోరిక్, తనకు కానుకగా వచ్చిన కత్తుల మీద కదలాడే నెలిమెలికల అందాన్ని మెచ్చుకొంటూ ఒక రాజుకు రాయించిన లేఖ నేటికీ నిలిచి ఉంది. చాలాకాలం వీటినీ డమాస్కస్ అనే పిలిచారు. 1948లో హెర్బర్ట్ మేరియన్ "పాటర్న్ వెల్డింగ్" అన్న మాట వాడి ఈ గందరగోళానికి ఒక కట్టడి వేశాడు.

పేరు పెట్టడం ఒక ఎత్తు, చేసి చూడటం మరొక ఎత్తు. జాన్ యాన్‌స్టీ 1950లలో స్వయంగా కొలిమి వెలిగించి ఈ మెలికల కత్తిని చేశాడు. లియో బీక్‌తో కలిసి ఆ ఫలితాలను 1961లో ప్రకటించాడు. ఇటువంటి పని చేసినవారికి తెలిసివచ్చే రహస్యం ఒకటుంది. ఒకే మెలిపెట్టిన కడ్డీ పైపైన అరగదీస్తే ఏటవాలు గీతలు చూపుతుంది. అదే కడ్డీ నడిమధ్య దాకా అరగదీస్తే గీతలు వంపులు తిరిగి అర్ధచంద్రాలవుతాయి. అంటే రెండు వేర్వేరు నమూనాలుగా కనిపించేవి రెండు వేర్వేరు పద్ధతులు కానక్కర లేదు. ఒకే పద్ధతిలో ఎంత సానబట్టారన్నదే భేదం కావచ్చు. మ్యూజియం అద్దాల వెనుకనుంచి ఎంతకాలం చూసినా స్ఫురించని ఇలాంటి విషయం, కడ్డీని మెలిపెట్టి అరగదీసినవాడికి ఒక్క పూటలో తెలుస్తుంది.

ఇప్పుడు మన వైపు వద్దాం. ఇనుమును కరిగించలేనప్పుడు కర్బనాన్ని సమంగా పంచటం ఎలా అన్న ప్రశ్నకు మడత ఒక సమాధానం. దక్షిణాపథపు కమ్మరులు మరో సమాధానం కనిపెట్టారు. కర్బనం కలిసేకొద్దీ ఇనుము కరిగే వేడి తగ్గుతూ వస్తుంది. 4.3 శాతం వద్ద అది 1,150 డిగ్రీలకు దిగుతుంది. కాబట్టి మెత్తని ఇనుముతోపాటు కర్బనాన్ని కూడా మూసలో పెట్టి, మూతను మట్టితో మెత్తి, రోజంతా కాస్తే లోపలిది ద్రవమవుతుంది. చిట్టెం పైకి తేలుతుంది. కర్బనం దానంతట అదే అంతటా కలుస్తుంది. పదిహేను మడతల శ్రమ మూసలోనే తీరిపోతుంది. మైసూరు, సేలం వైపులవారు ఇనుముతో కట్టెముక్కలూ ఆకులూ పెట్టి మూతవేశారు. నేటి నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి చేరువలోని కోనసముద్రంలో రెండు రకాల ఇనుములను కలిపి కరిగించారు. మహా త్రికోణమితీయ సర్వేలో పనిచేసిన హెన్రీ వాయిసీ స్వయంగా చూసి రాసిన వివరణ, ఆయన మరణానంతరం 1832లో కలకత్తా ఏసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇస్ఫహాను నుంచి వచ్చిన వర్తకుడు అక్కడే మకాం వేసి సరుకు కొన్న సంగతీ, గడ్డలకు మట్టి పూసి మళ్ళీ మళ్ళీ కాచి మెత్తబరచిన సంగతీ అందులో ఉన్నాయి. ఈ పద్ధతిలో వచ్చిన ఉక్కులో కర్బనం ఒకటిన్నర శాతానికి అటూ ఇటూ ఉండేది. దానిమీది అలలు అతుకుల గీతలు కావు. లోహం గడ్డకట్టి, మితమైన వేడిలో సాగగొట్టబడుతున్నప్పుడు సిమెంటైట్ అనే కఠిన కణాలు వరుసలు కట్టినందువల్ల లోపలినుంచి పుట్టినవి.

ఈ తేడాను పట్టుకోవటానికి ఐరోపాకు చాలాకాలం పట్టింది. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే, కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్టుతో కలిసి 1820, 1822 సంవత్సరాలలో ఉక్కు మిశ్రమాలపై పత్రాలు ప్రకటించాడు. మూస ఉక్కులో రహస్యం అల్యూమినియంలో ఉందేమోనని భావించాడు. ఆ అన్వేషణలోనే ఉక్కు తీగలనూ ప్లాటినం తీగలనూ కట్టగట్టి కొలిమిలో అతికించి, ఆమ్లంతో తేల్చి, అందమైన చారలు రాబట్టాడు. గమ్యం మూస ఉక్కు, చేరిన చోటు మడత ఉక్కు. 1823లో ప్యారిసులో బ్రెయాఁ చారలకు కారణం కర్బనమేనని సరిగా ఊహించాడు. 1841లో రష్యాలో అనోసోవ్ తన ప్రయోగాలను గ్రంథంగా వెలువరించాడు. అప్పటి మామూలు కమ్మరుల కష్టం మరింత ఆసక్తికరం. మన ఉక్కు గడ్డ అందగానే తమకు అలవాటైన తెల్లని వేడికి తెచ్చి సుత్తితో కొట్టారు. అది జున్నులా పొడిపొడి అయిపోయింది. వారి చేయి మెత్తని ఇనుమును అతకటానికి అలవాటుపడింది. మన గడ్డకు కావలసింది అంతకన్నా చాలా తక్కువ వేడీ, చాలా ఎక్కువ ఓర్పూ. కొలిమి అతుకు వేడికి చేరితే సిమెంటైట్ కరిగిపోయి అలలే మాయమవుతాయి. ఒక విద్యలోని నేర్పు మరో విద్యకు శత్రువైన సందర్భం ఇది.

ఇక పేరు తారుమారైన ఘట్టం. 1973లో అమెరికాలో బిల్ మోరాన్ అనే కమ్మరి తాను అతికి మడిచిన కత్తులను చురకత్తులవారి ప్రదర్శనలో పెట్టాడు. వాటిని డమాస్కస్ అన్నాడు. తుపాకీ గొట్టాల వ్యాపారంలో ఆ వాడుక అప్పటికే ఉంది. కానీ మోరాన్‌తో కొలిమి విద్యకు పునర్జన్మ వచ్చింది. 1976లో ఆయన తోటివారితో కలిసి స్థాపించిన కమ్మరుల సంఘం నేటికీ పట్టా ఇవ్వటానికి కఠినపరీక్ష పెడుతుంది. పై పట్టాకు కనీసం 300 పొరల కత్తి చేయాలి. అది వేలాడే తాడును ఒక్క వేటుకు తెంచాలి, కొయ్యదుంగను నరకాలి, ఆ తరువాత కూడా చేతి రోమాలను గొరగాలి, చివరకు బిగింపులో పెట్టి తొంభై డిగ్రీలు వంచితే విరగకూడదు. నాకు ఈ పరీక్ష నచ్చుతుంది. అందంతో పనిలేదు. పొర విడిపోతే కత్తే చెబుతుంది.

మూస ఉక్కు ముడి విడటానికి మరికొంతకాలం పట్టింది. ఫ్లారిడాలో గుర్రాలకు లాడాలు కొట్టే ఆల్ పెండ్రే, అయోవా స్టేట్ విశ్వవిద్యాలయపు లోహశాస్త్రజ్ఞుడు జాన్ వెర్హోవెన్ జతకట్టి, ఏళ్ళతరబడి మూసలు కాచి, పాత కత్తులతో పోల్చదగిన అలలను రాబట్టారు. ఇనుములో అత్యల్పంగా ఉండే వెనేడియం వంటి మూలకాలు సిమెంటైట్ కణాలను వరుసలలో నిలబెడుతున్నాయని 1998లో ప్రకటించారు. అంటే రాయి ఎక్కడిదన్నది కూడా విద్యలో భాగమే. గని మారితే, అదే చేయి అదే మూస కాచినా, అల రాకపోవచ్చు. విద్య అంతరించటానికి రాజకీయాలూ, ఇంగ్లీషు ఉక్కు దిగుమతీ, అడవుల కొరతా కారణాలని మనం చెప్పుకొంటాం. వాటి పక్కన ఈ మౌనకారణాన్ని కూడా చేర్చవలసిందే అనిపిస్తుంది.

అయితే ప్రయోగం దేనిని రుజువు చేస్తుంది? ఒకడు కత్తిని ఒక పద్ధతిలో చేయగలిగితే, అలా చేయటం సాధ్యమని మాత్రమే తేలుతుంది. పూర్వులూ అలాగే చేశారని తేలదు. దానికి నేలలో దొరికిన మూసముక్కలూ, చిట్టెపు రాళ్ళూ, ప్రత్యక్షసాక్షుల రాతలూ కావాలి. 2010లో ఉత్తర తెలంగాణ పల్లెలలో మన పరిశోధకులూ ఎక్సెటర్ విశ్వవిద్యాలయంవారూ కలిసి ఈ అవశేషాలను వెతికి నమోదు చేయటం అందుకే ముఖ్యమైనది. కోనసముద్రపు కమ్మరి తన పద్ధతిని రాసిపెట్టలేదు. రాసింది వాయిసీ. కొన్నది పారశీకుడు. పేరు తెచ్చుకొన్నది సిరియా నగరం. కమ్మరి సంతకంగా మిగిలింది పొలంగట్ల మీద నల్లని గాజుపెంకు అంటుకొన్న మూసముక్క ఒక్కటే.

అందుచేత చిన్న విన్నపం. మడత కత్తిని మెచ్చుకొందాం, అది వేరొక గొప్ప విద్య. కానీ దాని చారలు చూపి ఇది మన కోనసముద్రపు ఉక్కు అని చెప్పకుందాం. కమ్మరివీధిలో సూదులమ్మినట్లవుతుంది. ఒకే ప్రశ్నకు లోకం రెండు సమాధానాలు కనుక్కొంది. ఒకటి సుత్తితో, ఒకటి మూసతో. రెండవది మనవాళ్ళది. ఆ మాట సరిగా చెప్పాలంటే ముందు మొదటిదేమిటో తెలిసి ఉండాలి. మీ ఊళ్ళలో మూసముక్కలు, చిట్టెపు దిబ్బలు, "ఉక్కు"తో గాని "కమ్మరి"తో గాని కలిసిన ఊరిపేర్లు, పొలాల పేర్లు ఉంటే దయచేసి తెలియజేయండి. ఆ దిబ్బలు చదునై పొలాలలో కలిసిపోకముందే ఎవరో ఒకరు వాటిని రాసిపెట్టాలి.